‘మాకేం వద్దు’ అన్న పై పోర్షన్: లాక్‌డౌన్‌లో ఒక గల్లీ కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో వైద్య సామాజిక కార్యకర్తగా పనిచేస్తాను. రోగికి మందు రాయడం నా పని కాదు. ఆ మందు ఇంటికి చేరిందా, చేరితే వేసుకున్నాడా, వేసుకోకపోతే ఎందుకని చూడడం నా పని. 2021 మేలో కోవిడ్ లాక్‌డౌన్ పెట్టినప్పుడు కొన్ని బస్తీల్లో, కాలనీల్లో ఇరుగుపొరుగు వాళ్లే కలిసి నడుపుకుంటున్న సహాయ బృందాలకు ఫోన్ మీద సలహా ఇచ్చేదాన్ని. ఈ కేసు వాటిలో ఒక గల్లీది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వృత్తిని దగ్గరగా పోలిన మరో వృత్తిగా మార్చాను. ప్రాంతం పేరు చెప్పను, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

అటూ ఇటూ అరవై దాకా ఇళ్లున్న గల్లీ. కింద ఓనరు, పైన ఒకటో రెండో అద్దె పోర్షన్లు, గోడకు గోడ ఆనుకుని ఉండే డాబాలు. వాట్సాప్ గ్రూపు 2020 మార్చిలోనే పుట్టింది. అప్పుడు పనులు వేరు. ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటి పోవద్దన్నారు కాబట్టి కూరగాయల బండి ఎప్పుడొస్తుంది, రేషన్ షాపులో మనిషికి 12 కిలోల బియ్యం ఇవాళ ఇస్తున్నారా, కార్డుకు 1500 రూపాయలు బ్యాంకులో పడ్డాయా అన్నవే మాటలు. భయం ఉన్నా, ఆ గల్లీలో జబ్బు ఇంకా ఎవరింటికీ రాలేదు.

2021 మే 12న మొదలైన లాక్‌డౌన్ అలాంటిది కాదు. ఉదయం 6 నుంచి 10 వరకే బయటికి వెసులుబాటు. ఆ నాలుగు గంటల్లోనే పాలు, మందులు, కిరాణం, టెస్టు క్యూ, బ్యాంకు. అప్పటికే గల్లీలో ప్రతి మూడో నాలుగో ఇంట్లో జ్వరం. గ్రూపులో రోజంతా ఆక్సిజన్ సిలిండర్ల నంబర్లు, బెడ్ల నంబర్లు, కషాయాల వీడియోలు, కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటుమందు ఎప్పుడిస్తారన్న ప్రశ్నలు.

ముగ్గురు మనుషులు ఈ గ్రూపును మోశారు. డిగ్రీ చదివే ఒక అబ్బాయి, ఇంట్లోనే మిషన్ మీద బ్లౌజులు కుట్టే ఒకావిడ (అందరికీ అక్క), రిటైరైన ఒక ఆర్టీసీ కండక్టర్. కండక్టర్ గారికి టికెట్ల లెక్క అలవాటు పోలేదు. ఎవరింటికి ఏం ఇచ్చారో పాత నోట్‌బుక్‌లో గీతలు గీసి రాసేవారు. తర్వాత ఆ నోట్‌బుక్ చాలా పనికొచ్చింది.

సమస్య నా దగ్గరికి ఎలా వచ్చింది

అబ్బాయి ఫోన్ చేసి చెప్పింది ఇది: “మేడం, ఒక ఇల్లు మా మాట వింటలేదు. సరుకుల కిట్టు ఇస్తే వాపసు పంపిన్రు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఏం జెయ్యాలె?”

ఆ ఇంట్లో ఇద్దరే. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి వంటలు చేసే వంట మాస్టర్, యాభై ఎనిమిదేళ్లవాడు. ఆయన భార్యకు పదేళ్ల నుంచి షుగర్. పై పోర్షన్‌లో అద్దెకుంటారు. రేషన్ కార్డు ఊళ్లో పెద్దకొడుకు కుటుంబంతో కలిసి ఉంది, బియ్యం అక్కడే తీసుకుంటారు. వరసగా రెండో ఏడు కూడా పెళ్లిళ్ల సీజన్ పోయింది. అంటే ప్రభుత్వ లెక్కలో రేషన్ అందుతున్నవాళ్లే, చేతిలో చూస్తే పైసలు లేవు.

“వినడం లేదు” అన్న మాట దగ్గరే నేను ఆగాను. సాయం వద్దన్నవాళ్లను మొండివాళ్ల కింద రాసేసుకుంటే దారి మూసుకుపోతుంది. వద్దన్నది సరుకులనా, సరుకులు ఇచ్చిన తీరునా? కిట్టు ఎలా ఇచ్చారని అడిగాను. ఇద్దరు కుర్రాళ్లు కింద గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచారు. మెట్ల మీద పెట్టి ఫోటో తీశారు. దాతలకు చూపించాలి కదా మరి. ఆ ఫోటో గ్రూపులోకి వెళ్లింది. పావుగంటలో కిట్టు కిందికొచ్చింది. పైనుంచి ఆవిడ అన్న మాట అబ్బాయికి బాగా గుర్తుంది: “మాకేం వద్దు బిడ్డా. మేం ఉన్నోళ్లం గాదు గనీ, అడుక్కునేటోళ్లం గూడ గాదు.”

నాకు ఫోన్ చేసేలోపు చేసినవి

కిట్టు వాపసు వచ్చాక గ్రూపు రెండు పనులు చేసింది. రెండూ మంచి మనసుతో చేసినవే.

మొదటిది, ఓనరుతో చెప్పించడం. కింద ఉండే ఓనరు డెబ్బై దాటిన మనిషి, గుండెకు స్టెంట్ ఉంది. “మీ కిరాయిదారులకు జర చెప్పండి, ఏదన్నా కావాలంటే అడగమనండి” అన్నారు. ఆయనకు అందులో వేరే సంగతి వినబడింది. గల్లీ అంతా వీళ్ల గురించి ఎందుకు అడుగుతోంది? పైన జ్వరం గానీ వచ్చిందా? మెట్లు ఒకటే, నీళ్ల మోటార్ స్విచ్ ఒకటే. 2020లో మూడు నెలల అద్దె వాయిదా వేయమని ప్రభుత్వం చెబితే ఆగిన మనిషే ఆయన. ఈసారి మాత్రం పైకెళ్లి, లాక్‌డౌన్ ఎత్తేశాక వేరే ఇల్లు చూసుకోమన్నాడు. సాయం పేరుతో వెళ్లిన కబురు ఆ దంపతులు నోరు విప్పకుండా ఉండడానికి ఇంకో కారణమైంది.

రెండోది, నంబర్లు. వాళ్ల ఫోన్‌కు హెల్ప్‌లైన్ల జాబితాలు వరసగా ఫార్వర్డ్ చేశారు. వాటిలో సగం ఎవరూ ఎత్తనివి, కొన్ని ఏ ఊరివో తెలియనివి. వాటితో పాటే ఒక మందుల చీటీ ఫోటో వెళ్లింది. ఏదో ఊళ్లో ఏదో డాక్టరు ఎవరికో రాసింది. “మా బావమరిదికి దీంతోనే తగ్గింది” అని కింద రాసి ఉంది. అందులో మూడో మందు స్టెరాయిడ్. ఈ చీటీ దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదటి నిర్ణయం: ఏం అడగాలి

వాళ్లకు ఏం ఇవ్వాలన్న ప్రశ్న పక్కన పెట్టమన్నాను. వాళ్ల దగ్గర ఈ గల్లీకి కావలసింది ఏముందో చెప్పమన్నాను. అబ్బాయికి అర్థం కాలేదు. అక్కకు వెంటనే అర్థమైంది.

అప్పటికి ఒక వారంగా గల్లీలో నాలుగైదు ఇళ్లు కలిసి, జ్వరమొచ్చిన ఇళ్లకు మధ్యాహ్నం భోజనం పొట్లాలు పంపుతున్నాయి. ఇంట్లో ఐదుగురికి వండే ఆడవాళ్లు ముప్పై పొట్లాలకు వండాల్సి వచ్చింది. ఒకరోజు మిగిలిపోయేది, ఒకరోజు చాలేది కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు విప్పేసరికి అన్నం వాసన వస్తోందని రెండిళ్లవాళ్లు చెప్పారు. ఇది నిజంగా ఉన్న ఇబ్బంది. ఆ గల్లీలో దానికి జవాబు తెలిసిన మనిషి ఒక్కడే.

ఇక్కడ ఒక షరతు పెట్టాను. ఆయన్ని మాట్లాడించడానికి సాకుగా అడగొద్దు. సలహా అడిగితే, ఆయన చెప్పినట్టే వండాలి. మరుసటి రోజు ఎలా కుదిరిందో ఫోన్ చేసి చెప్పాలి. నాటకమాడితే పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు. ఆ ఇంట్లో రెండోసారి నమ్మకం పోతే మూడో అవకాశం రాదు.

అక్క గ్రూపులో రాయలేదు. అబ్బాయితోనూ అడిగించలేదు. సాయంత్రం తన డాబా ఎక్కి, పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడను పిట్టగోడ ఇవతల నుంచే, మాస్కు పెట్టుకుని పలకరించింది. “వదినా, అన్నను ఒక్క మాట అడగాలె. మా అన్నం పాడైతున్నది.”

ఆ రాత్రి మాస్టరే అక్కకు ఫోన్ చేశాడు. అక్క ఆ సంభాషణ నాకు దాదాపు పూర్తిగా చెప్పింది. “కిలోకు ఎనిమిది పొట్లాలు లెక్కేసుకో. ముప్పైకి నాలుగు కిలోలు పొయ్యి. అన్నం వార్చినంక గంపల ఆరబొయ్యాలె. పొగలు పోయినంకనే కట్టాలె. ఏడి మీద కడితే లోపల చెమట పట్టి పాశిపోతది. కూర అన్నం మీద పొయ్యొద్దు, ఏరే కవర్ల కట్టు. జ్వరమొచ్చినోళ్లకు నోరు సయించదు, చింతకాయ తొక్కు ఇంత పెట్టు.” ఇంకా చాలా చెప్పాడట. ఏడాది నుంచి వంట గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు మరి.

అక్క చివర్లో మరో మాట చెప్పింది. ఆ మాట కోసమే ఈ కేసు రాస్తున్నాను. “మేడం, అన్న ఒక మాట మొత్తం ఒక్కసారి చెప్తలేడు. ‘నాలుగు కిలోలు’ అని ఆగుతడు. ఊపిరి తీస్కొని ‘పొయ్యి’ అంటడు.”

రెండో నిర్ణయం: ఎలా కనుక్కోవాలి

మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం ఆయాసానికి గుర్తు. ఇంటికి వెళ్లకుండా, పరికరం లేకుండా ఫోన్‌లోనే పట్టుకోగల గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. వాలంటీర్లకు ముందే చెప్పి ఉంచిన వాటిలో ఇదొకటి. అక్క చెవి దాన్ని పట్టుకుంది.

అబ్బాయి వెంటనే ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) పట్టుకుని వెళతానన్నాడు. నేను వద్దన్నాను. గేటు దగ్గర మళ్లీ ఇద్దరు నిలబడితే కింద ఓనరు చూస్తాడు, పైన తలుపు తెరుచుకోదు. “కరోనా ఉందా” అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. ఇల్లు పోతుందన్న భయం ఉన్న మనిషికి ఆ ప్రశ్నకు వేరే జవాబు లేదు. అందుకని అక్క ఆవిడతోనే మాట్లాడాలి, జబ్బు పేరు ఎత్తకూడదు అనుకున్నాం. ప్రశ్నలు మూడే: అన్న రాత్రి పడుకుంటున్నడా? బాత్రూమ్‌కు పోయొస్తే ఆయాసమొస్తుందా? రెండు పూటలా తింటున్నడా?

మొదటి ప్రశ్నకే ఆవిడ ఏడ్చింది. జ్వరం మొదలై ఆరో రోజు. టెస్టుకు పోలేదు. పోతే గల్లీకి తెలుస్తుంది, ఓనరుకు తెలుస్తుంది. ఇద్దరూ వాట్సాప్‌లో వచ్చిన ఆ చీటీ ప్రకారం మందులు తెచ్చుకుని నాలుగు రోజులుగా వేసుకుంటున్నారు. జ్వరం ఆయనకే. ఆవిడ ‘ముందు జాగ్రత్తగా’ వేసుకుంటోంది.

ఆక్సీమీటర్ పిట్టగోడ మీదుగా పాత టిఫిన్ డబ్బాలో పెట్టి అందించారు. మొదటి అంకె 88. అక్క గొంతు వణికింది. కానీ అప్పుడే మొహం, చేతులు కడుక్కొచ్చిన మనిషి, వేళ్లు చల్లగా ఉన్నాయి. పైగా ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర కాలి మొద్దుబారిన వేలి కొసలు. చేతులు తుడుచుకుని, రుద్ది వెచ్చబరచి, మధ్యవేలికి పెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా ఒక నిమిషం కదలకుండా కూర్చోమన్నాం. 95 వచ్చింది. ఇక్కడితో ఊపిరి పీల్చుకుని ఫోన్ పెట్టేసే ఇళ్లు చాలా చూశాను. కూర్చున్నప్పటి అంకె ఒక్కటే సరిపోదు. గదిలోనే ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూడాలి. 94 కన్నా తగ్గినా, నడకకు ముందున్న అంకె మీద మూడు నాలుగు పడిపోయినా ఆస్పత్రి మాట ఆలోచించాలి. అసలు ఆయాసం బాగా ఉంటే నడిపించనే కూడదు. ఫోన్‌లో ఒక డాక్టరు సలహా ఇస్తుండగా, భార్య పక్కనుండగా మాస్టర్ నడిచాడు. నాలుగో నిమిషంలో ఆగిపోయాడు. అంకె 91.

ఆవిడకు అదే ఫోన్‌లో డాక్టరు చెప్పింది: షుగర్ చూసుకోండి. గల్లీలో ఇంకొకరి గ్లూకోమీటర్ అదే డబ్బాలో వెళ్లింది. 400 దాటింది. జ్వరం లేదు, ఏ జబ్బు లక్షణమూ లేదు, వేసుకున్నది స్టెరాయిడ్. ఆక్సిజన్ తగ్గని మనిషికి స్టెరాయిడ్ మేలు చేయదని 2020లోనే తేలింది. షుగర్ ఉన్నవాళ్లకు అది నేరుగా చేటు. స్టెరాయిడ్ వాడిన షుగర్ రోగుల్లో ఎక్కువగా కనబడ్డ బ్లాక్ ఫంగస్ కేసులు పెరుగుతున్న రోజులు, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికే కేటాయించిన రోజులు అవి.

మూడో నిర్ణయం: ఓనరుకు చెప్పాలా

మాకు ఎక్కువసేపు పట్టింది ఇక్కడే. అబ్బాయి వాదన: చెబితే ఖాళీ చేయిస్తాడు, చెప్పొద్దు. కండక్టర్ గారి వాదన: కింద గుండె జబ్బు మనిషి ఉన్నాడు, అదే మెట్లు, అదే స్విచ్, ఆయనకు చెప్పకపోవడం కూడా అన్యాయమే. ఇద్దరూ చెప్పింది నిజమే.

నా ఆలోచన రెండు సంగతుల మీద నడిచింది. ఒకటి, ఇది ఆ దంపతుల సంగతి, వాళ్లు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పే హక్కు మాకు లేదు. రెండు, 108 రాబోతోంది. తెల్ల సూట్లు వేసుకున్న సిబ్బంది మెట్లెక్కాక ఓనరుకు ఎలాగూ తెలుస్తుంది. అంబులెన్స్ వచ్చాక తెలిస్తే అది దాచిన సంగతి అవుతుంది, ముందే తెలిస్తే చెప్పిన సంగతి అవుతుంది. ఆవిడతో ఈ మాటే అన్నాను. ఒప్పుకుంది, ఒక షరతు మీద: తన భర్త చెప్పమన్నాడనే చెప్పాలి, గల్లీవాళ్లు కనిపెట్టారని కాదు.

కండక్టర్ గారు ఓనరుకు ఫోన్ చేశారు. ఇద్దరూ పొద్దున పార్కులో కలిసి నడిచే స్నేహితులు. జబ్బు గురించి ఒక్క వాక్యం, మిగిలినదంతా ఆయన ఏం చేయాలన్నదే: గంటసేపు ఆ మెట్ల వైపు రావద్దు, తలుపులు కిటికీలు తెరిచి ఉంచండి, మోటార్ స్విచ్ ఈ వారం మీ అబ్బాయే వేస్తాడని పైన చెప్పాం, జ్వరమొస్తే ఈ నంబరు. భయపడ్డ మనిషికి చేయడానికి పని ఉంటే కోపానికి సమయం తగ్గుతుందని నా అనుభవం. ఓనరు మంచివాడైపోయాడని కాదు. రెండు మాటలు గట్టిగానే అన్నాడట. కానీ అంబులెన్స్ వచ్చినప్పుడు గేటు తెరిచి పెట్టింది ఆయన కొడుకే.

మాస్టర్‌ను సర్కారు దవాఖానలో చేర్చుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు, వెంటిలేటర్ దాకా పోలేదు. భార్యకు డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్ ఆపించి, కొన్ని వారాలు ఇన్సులిన్ మీద పెట్టారు. ఒక్కతే ఉన్న ఆ రోజుల్లో అక్క పొద్దునా సాయంత్రం పిట్టగోడ దగ్గర షుగర్ అంకె అడిగి కండక్టర్ గారి నోట్‌బుక్‌లో రాయించేది. పొట్లం కూడా వెళ్లేది. ఈసారి వాపసు రాలేదు. ఆవిడ ఖాళీ డబ్బా ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. కరివేపాకు పొడో, నాలుగు మునక్కాయలో ఉండేవి. జ్వరం ఇంటి నుంచి వచ్చిన వస్తువు తీసుకోవచ్చా అని అబ్బాయి అడిగాడు. ఆవిడకు లక్షణాలు లేవని, డబ్బా తుడిచి తీసుకోమని చెప్పాను. వద్దని చెప్పి ఉంటే ఆ రాకపోకలు అక్కడే తెగిపోయేవి.

గల్లీ మార్చుకున్న పద్ధతులు

ఈ కేసు తర్వాత గ్రూపు కొన్ని అలవాట్లు మార్చింది. నేను మిగతా బృందాలకూ అవే చెప్పాను.

సరుకుల ఫోటోలు పూర్తిగా ఆగిపోయాయి. లెక్క కావాలన్న దాతలకు కండక్టర్ గారి నోట్‌బుక్ పేజీ, ఇంటి పేర్లు కనబడకుండా. డబ్బు ఇచ్చిన ఒకాయన దీనికి నొచ్చుకుని మానేశాడు కూడా.

ఏ నంబరు పంపినా, దానికి ఎవరు, ఎన్ని గంటలకు ఫోన్ చేసి చూశారో పక్కన రాయాలి. రాయని నంబరును అడ్మిన్ తీసేస్తాడు. మొదటి రోజే జాబితా నలభై నుంచి ఏడుకు దిగిపోయింది. ఆ ఏడూ పనిచేశాయి. మందుల చీటీల ఫోటోలు ఎవరు పంపినా, ఎంత పెద్దమనిషి అయినా, తీసేయడమే. ఈ నియమానికి గొడవ జరిగింది. “మంచికే కదా పంపింది” అన్నారు. ఆవిడ షుగర్ అంకె, ఎవరిదో చెప్పకుండా, గ్రూపులో పెట్టాక గొడవ సద్దుమణిగింది.

అన్నిటికన్నా పెద్ద మార్పు, అవసరం అడిగే చోటు గ్రూపు నుంచి బయటికి రావడం. అరవై ఇళ్లు చూసే చోట “మా ఇంట్లో బియ్యం లేవు” అని రాసేవాళ్లు ఉండరు. అక్కడ రాసేది ఎప్పుడూ ఇవ్వగలిగినవాళ్లే. అందుకని ఆరేడు ఇళ్లకు ఒకరు చొప్పున పంచుకున్నారు. గోడ కలిసిన ఇళ్లయితే మరీ మంచిది. వాళ్లు రోజూ ఒక ఫోన్ చేయాలి. “ఏమన్నా కావాల్నా” అని అడగకూడదు. దానికి జవాబు “ఏం వద్దు” అనే వస్తుంది. “బీపీ గోలీలు ఇంకెన్ని రోజులకున్నయ్?”, “గ్యాస్ బుక్ చేసినవా?” లాంటి ప్రశ్నలకు మాత్రం అంకెలో జవాబు వస్తుంది. మందులు మూడు రోజులకే ఉన్నాయంటే, మరుసటి ఉదయం 6 గంటల జాబితాలో అవి చేరతాయి. ఒక్క మనిషి వెళ్లి పది ఇళ్ల మందులు తెస్తాడు. మెడికల్ షాపు ముందు గుంపు కూడా తగ్గింది.

ఆ తర్వాత

లాక్‌డౌన్ జూన్ 20 నుంచి ఎత్తేశారు. మాస్టర్ అప్పటికే ఇంటికి వచ్చాడు గానీ, పెద్ద గంజుల దగ్గర నిలబడే సత్తువ రావడానికి చాలా నెలలు పట్టింది. శ్రావణమాసం పెళ్లిళ్లకు వేరే మాస్టర్ల కింద లెక్కలు చూసే పనికి వెళ్లాడు. వంట సలహాకు డబ్బివ్వాలని గల్లీ చందా వేసింది. తీసుకోలేదు. కండక్టర్ గారు ఆ చందాను అద్దె బాకీ కింద ఓనరుకు కడతామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఆయనకు చెప్పకుండా ఆ పని చేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. చివరికి బాకీ వాయిదాల్లో కట్టడానికి ఓనరుతో మాట్లాడించాం. అయినా దసరా తర్వాత వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేశారు. రెండు గల్లీల అవతల ఉంటున్నారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పారదు. అదే నెలలో హాస్టళ్లు ఎక్కువున్న ఒక ప్రాంతంలో ఇదే చేయబోతే కుదరలేదు. అక్కడ పక్క గది పేరు పక్క గదికి తెలియదు. ఏడాదిగా ఒకరి వంట ఇంకొకరు తిన్నది లేదు. పిట్టగోడలే లేవు. అక్కడ వాచ్‌మన్‌లను, పొద్దున టిఫిన్ పెట్టే వంటావిడలను పట్టుకోవాల్సి వచ్చింది. ఏ గది ప్లేటు ముట్టకుండా తిరిగొస్తోందో చెప్పగలిగింది వాళ్లే.